మంత్రాలు వద్దన్న రేంజర్

ఆవకాయ పెట్టే రోజు ఇంట్లో ఎవరి చెయ్యి తడిగా కనిపించినా కనకరత్నం గారు ఊరుకోరు. ఆ ఆదివారం ఉదయం ఏలూరులోని ఆ ఇంట్లో హాలు నిండా పాత చీరలు పరిచి, కొట్టించిన మామిడికాయ ముక్కలు ఆరబోశారు. కోడలు కృష్ణవేణి ఒక్కో ముక్కా తీసి, జీడి పొర తీసేసి, పొడిగుడ్డతో తుడిచి పళ్లెంలో వేస్తోంది. చేతులు ముక్కల మీద ఉన్నాయి గానీ, చూపు మాటిమాటికీ గోడ గడియారం మీదికి పోతోంది.

సాయంత్రం ఆరింటిలోపు విజయవాడ హాస్టల్ వాళ్లకి అవునో కాదో చెప్పెయ్యాలి. సరేనంటే రేపు పొద్దున్నే పిల్లని దింపి రావాలి.

పిల్ల పేరు లక్ష్మీప్రసన్న. తొమ్మిదో తరగతి అయ్యింది. లెక్కల్లో వందకి ముప్ఫై ఎనిమిది వచ్చాయి. ఆ మార్కుల కాగితం చూసిన దగ్గర్నుంచి కృష్ణవేణికి అన్నం సహించడం లేదు. పదో తరగతి హాస్టల్లో ఉండి చదవాల్సిందేనని ఇంట్లో పట్టుబట్టింది తనే. భర్త ఉదయ్‌కిరణ్ తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో గుమాస్తా. పొద్దున్నే రైలెక్కి పోయే మనిషి, "నీకెలా మంచిదనిపిస్తే అలా చెయ్యి" అని ఊరుకున్నాడు. ప్రసన్న మాత్రం నెల రోజులుగా తల్లితో సరిగా మాట్లాడటం లేదు.

"పిల్లేదే?" అన్నారు కనకరత్నం గారు ఆవపిండి జల్లిస్తూ.

"మేడ మీద ఉందండీ అత్తయ్య గారూ. ఫణి వాళ్లతో."

"మళ్లీ ఆ ఆటేనా? ముగ్గురు పెద్దవాళ్లు, ఒక పిల్ల, పొద్దస్తమానం కాగితాలు ముందేసుకుని ఏవిటో రాజులంటారు, రాక్షసులంటారు. చిన్నాడికి కంప్యూటర్ ఉద్యోగం ఇంట్లోంచే చేసుకోమన్నారు సరే, ఇల్లు నాటకాల కంపెనీ చెయ్యమన్నారా?" అంటూ ఆవిడ పరిచిన చీర అంచు దగ్గర చెయ్యి పెట్టి ఆగిపోయారు. "ఇదేంటే? చింతగింజ అనుకున్నాను!"

ఆవిడ వేళ్ల మధ్య ఆకుపచ్చ పాచిక ఒకటి ఉంది. మామూలు పాచిక కాదు, ఒళ్లంతా మొహాలే. ఒక్కో మొహం మీద ఒక్కో అంకె.

"ఇరవై మొహాలు! మామూలు పాచికలకే రాజ్యాలు పోయాయి. దీనికి మన డాబా ఎంత? పోయి పిల్లని కిందకి తీసుకురా. బట్టలు సర్దుకోవద్దూ?"

కృష్ణవేణి పాచిక అందుకుని మెట్లెక్కింది. సగం మెట్లు ఎక్కేసరికి ప్రసన్న గొంతు వినిపించి నిలబడిపోయింది.

"బాబాయ్, నాకు పదిహేను గానీ ఆ పైన గానీ పడాలి కదా? అంటే ఆరు అంకెలు. ఇరవైలో ఆరంటే ముప్ఫై శాతం. పిన్ని కూడా నాతోపాటు వెతికితే? ఇద్దరికీ తప్పిపోవాలంటే డెబ్బైలో డెబ్బై శాతం, నలభై తొమ్మిది. అంటే సగం కంటే కొంచెం ఎక్కువగా దొరికినట్టే. వెతుకుదాం పిన్నీ!"

కాగితం లేదు, పెన్సిల్ లేదు. గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. లెక్కల్లో ముప్ఫై ఎనిమిది వచ్చిన పిల్లేనా ఇది? కృష్ణవేణికి ఒక్క క్షణం ఒళ్లు జలదరించింది. మరుక్షణం భయమే గెలిచింది. ఇంత తెలివి ఆటకి ధారపోసి, పరీక్షకి ఏమీ మిగల్చలేదన్నమాట!

మేడ మీది గదిలో బల్ల నిండా గళ్ల కాగితాలు పరిచి ఉన్నాయి. ఒక పక్క ఉదయ్‌కిరణ్ తమ్ముడు ఫణికిరణ్, అతని భార్య భాగ్యశ్రీ కూర్చున్నారు. భాగ్యశ్రీ బ్యాంకులో ఆఫీసరు. ఇంకో పక్క ఫణి స్నేహితుడు, మందుల షాపు దుర్గేష్. వాళ్ల మధ్యలో ప్రసన్న కుర్చీ మీద మోకాళ్ల మీద కూర్చుని ఉంది. తల్లిని చూడగానే దాని మొహం మూసుకుపోయింది.

"ఇక చాలు, లే. బట్టలు సర్దుకోవాలి."

"నేను రాను. కిందకీ రాను, హాస్టల్‌కీ వెళ్లను."

కృష్ణవేణి దాని ముందున్న కాగితం లాక్కుంది. దాని నిండా గడులు, గడుల్లో అంకెలు, పక్కన గుండ్రటి చేతిరాత. "అగ్నిజ్వాల... రేంజరు... బలం పదిహేను... గ్రహింపు ఎనిమిది... ఏంటే ఇదంతా? రేంజరంటే అటవీ శాఖ ఆఫీసరేగా? సంవత్సరమంతా నువ్వు చదివింది ఇదా?"

దుర్గేష్‌కి నవ్వొచ్చి, దగ్గుగా మార్చుకున్నాడు. అదే తప్పయిపోయింది. ప్రసన్న మొహం ఎర్రబడింది.

"నీకేం తెలుసమ్మా? నువ్వు చదివింది పదో తరగతి. నీకు లెక్కలూ తెలీవు, ఇదీ తెలీదు. ఏమీ తెలీనిదానివి నా చదువు గురించి నువ్వెలా చెప్తావ్?"



"ప్రసన్నా! అమ్మతో మాట్లాడే పద్ధతేనా అది?" అంది భాగ్యశ్రీ.

కృష్ణవేణి కాగితాన్ని మెల్లిగా బల్ల మీద పెట్టింది. చెంప మీద కొడుతుందేమో అనుకున్నారందరూ. కొట్టలేదు. పదిహేనేళ్లుగా ఎవరైనా ఆ మాట అంటారేమోనని ఎదురుచూస్తూనే ఉంది. అత్తగారు అనలేదు, భర్త అనలేదు, ఇంగ్లీషులో ఫోన్లు మాట్లాడే తోడికోడలు కూడా అనలేదు. కడుపున పుట్టిన పిల్ల అంది. అంతే తేడా. వెనక్కి తిరిగింది.

"వదినా, ఒక్క అయిదు నిమిషాలు కూర్చోండి." ఫణికిరణ్ లేచి తన కుర్చీ ఇచ్చాడు. "పిల్లని తీసుకెళ్లే ముందు అదేం చేస్తోందో ఒక్కసారి చూడండి. చూశాక మీరేమంటే అదే. నేనడ్డు రాను."

మరిది మాట తోసిపుచ్చలేక కృష్ణవేణి కుర్చీ అంచున కూర్చుంది. అతను చిన్నపిల్లలకి చెప్పినట్టు కాకుండా, తోటివాళ్లకి చెప్పినట్టే చెప్పాడు. అతను కథ నడుపుతాడు. వీళ్లు ముగ్గురూ కథలో ముగ్గురు మనుషులు. దుర్గేష్ బండి తోలే దొంగ, భాగ్యశ్రీ వైద్యురాలు, ప్రసన్న అడవుల్లో దారి చూపించే రేంజరు. ఎక్కడికి వెళ్లాలో, ఏం చెయ్యాలో వాళ్లే చెప్పాలి. అనుమానంగా ఉన్న చోట అయ్యేదీ కానిదీ పాచిక తేలుస్తుంది.

"ఇప్పుడొక మునిగిపోయిన కోట దగ్గరున్నారు వదినా. చుట్టూ బురద, గుర్రపుడెక్క, కిక్కిస గడ్డి. కోట గోడలో ఎక్కడో నీళ్ల అడుగున ఒక కన్నం ఉంది. వీళ్ల మనిషి లోపల ఇరుక్కుపోయాడు. పొద్దుగూకేలోపు కన్నం దొరక్కపోతే అతను దక్కడు. రెండు ఆదివారాలుగా ఆడుతూ వెతుకుతున్నారు, పాచిక కలిసిరావడం లేదు."

కృష్ణవేణి గళ్ల కాగితం మీద గీసిన గోడ వంక చూసింది. నీలం పెన్సిల్‌తో వేసిన నీళ్లు. అడగకూడదనుకుంటూనే అడిగేసింది.

"లోపల నీటిమట్టం ఎక్కువా, బయటెక్కువా?"

ఫణికిరణ్ తన కాగితాలు తిరగేశాడు. "బయటే ఎక్కువ. ఎందుకూ?"

"మరైతే వెతకడమెందుకు? ఊక చల్లితే సరిపోదూ?"

"ఊకా?"

"ధాన్యం ఊక. గోడ వెంబడే గుప్పెళ్లతో చల్లుకుంటూ పోవాలి. మామూలు చోట తేలుతూ అలాగే ఉంటుంది. కన్నమున్న చోటికి రాగానే మెల్లిగా గుండ్రం తిరుగుతుంది. తిరిగి తిరిగి ఒక్కసారి లోపలికి లాగేస్తుంది. గట్టులో ఎండ్రకాయ పెట్టిన సన్నటి కన్నమైనా సరే, ఊకకి దొరక్కుండా పోదు."

ప్రసన్న నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది.

"మా గుర్రాల దాణా సంచిలో ఊక ఉంటుందండీ!" దుర్గేష్ లేచి నిలబడ్డాడు. "ఉంటుంది కదరా ఫణీ?"

"ఉంటుంది." ఫణికిరణ్ పాచిక తీసి పక్కన పెట్టేశాడు. "దీనికి పాచిక వెయ్యక్కర్లేదు. కన్నం దొరికింది. వదినా, ఇది నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. మీకెలా తెలుసు?"

"ఎవరికైనా తెలుస్తుంది."

"నాకు తెలీదక్కా," అంది భాగ్యశ్రీ. వేళాకోళం లేదు ఆ గొంతులో. కృష్ణవేణి తోడికోడలి మొహంలోకి అనుమానంగా చూసి, తల దించుకుంది.

ఫణికిరణ్ తెల్ల కాగితం ఒకటి తీసి ఆమె ముందు పెట్టాడు. "ఒక రేంజర్ని తయారు చెయ్యండి వదినా. మీకెలా ఉండాలనిపిస్తే అలా. ఆరు అంకెలిస్తాను: పదిహేను, పద్నాలుగు, పదమూడు, పన్నెండు, పది, ఎనిమిది. ఈ ఆరు గడుల్లో సర్దాలి. ప్రసన్నా, నువ్వు రాయి."

అది పెన్సిల్ తీసుకుంది, తల్లి వంక చూడకుండా. గడుల పేర్లు చదివింది. బలం, చురుకు, ఓర్పు, పుస్తకజ్ఞానం, గ్రహింపు, మాటతీరు.

"పదిహేను గ్రహింపులో వెయ్యి," అంది కృష్ణవేణి.

"అందరూ బలంలో వేస్తారమ్మా. యుద్ధం చెయ్యాలిగా?"

"బలమెందుకే? దొంగెప్పుడూ నీకంటే బలమైనవాడే వస్తాడు. వాడు గట్టెక్కక ముందే నీకు తెలియాలి. బురదలో అడుగు చూస్తే నిన్నటిదో ఇవాళ్టిదో, బరువు మోస్తున్నాడో వట్టి చేతుల్తో పోయాడో తెలియాలి. పద్నాలుగు ఓర్పులో వెయ్యి. ఎండలో, వానలో నిలబడాలి. పదమూడు చురుకు. పన్నెండు బలానికి చాలు, దాణా బస్తా మోయగలిగితే అదే పదివేలు. పది మాటతీరుకి."

పెన్సిల్ ఆగింది. మిగిలిన అంకె ఒక్కటే, మిగిలిన గడి ఒక్కటే.

"పుస్తకజ్ఞానంలో ఎనిమిదొద్దమ్మా," అంది ప్రసన్న చిన్న గొంతుతో. "అది కొంచెం పెంచు."

"ఎక్కణ్ణుంచి తెచ్చి వెయ్యను? ఉన్న అంకెలివే కదా. రాయి."

రాసింది. ఆ ఎనిమిదిని గడిలో ఓ మూలకి నెట్టి, చిన్నగా.

"రేంజర్లకి కొన్ని మంత్రాలు కూడా వస్తాయి వదినా," అన్నాడు ఫణికిరణ్. "గాయాలు మాన్పేవి, చీకట్లో దారి చూపించేవి. వద్దనుకుంటే బదులుగా యుద్ధ విద్యలు తీసుకోవచ్చు."

కృష్ణవేణి కాసేపు ఆలోచించింది. నిజంగానే, చాలా పెద్ద విషయమైనట్టు ఆలోచించింది. "మంత్రాలొద్దు. అవి ఒకళ్లిస్తే వచ్చేవి. పని పడ్డ రోజున గుర్తు రాకపోతే మనిషి గతేంటి? చేతికీ కంటికీ అలవాటైనవే ఇవ్వు."

"ఆయుధం? కత్తా, విల్లా?"

"ఒడిసెల."

"అంటే?" అన్నారు నలుగురూ ఒక్కసారే.

ఆమె భుజం మీదున్న పొడిగుడ్డ తీసి మధ్యకి మడిచింది. ప్రసన్న ముందున్న రబ్బరుముక్క తీసి ఆ మడతలో పెట్టింది. లేచి, చీర కుచ్చెళ్లు ఒక పక్కకి దోపుకుని, గుడ్డ రెండు కొసలూ పట్టుకుని తల మీదుగా గిర్రున తిప్పింది. ఒక చుట్టు, రెండు చుట్లు. మూడో చుట్టులో ఒక కొస వదిలింది. గదికి ఆ చివర కిటికీలో ఉన్న స్టీలు గ్లాసు ఖంగుమని ఎగిరి బాల్కనీలో పడింది.

"ఏవిటే అది!"

గుమ్మంలో కనకరత్నం గారు నిలబడి ఉన్నారు. పిల్లని తీసుకురమ్మని పంపిన కోడలు ఎంతకీ రాకపోతే ఆవిడే మెట్లెక్కి వచ్చారు. కృష్ణవేణి గుడ్డ వెనక దాచుకుంది, తప్పు చేసిన పిల్లలాగా.

"ఆ గ్లాసు నువ్వే కొట్టావా?"

"ఆయ్, కొట్టారండీ, నేను చూశాను," అన్నాడు దుర్గేష్ భక్తిగా.

ఫణికిరణ్ తల్లికి కుర్చీ జరిపి, కాగితంలో తర్వాత ప్రశ్న చదివాడు. "ఈ మనిషి ఎక్కడ పెరిగింది? ఈ విద్యలు ఎలా వచ్చాయి?"

కృష్ణవేణి అత్తగారి వంక చూసింది. పదిహేనేళ్లు దాచిన మాట. ఆటలో మనిషి కథే కదా అనుకుంటే నోరు కాస్త పెగిలింది.

"కొల్లేటి అంచున, కలిదిండి అవతల. వాళ్ల నాన్నకి నాలుగెకరాల చేపల చెరువు. ఆ పిల్ల పది పాసైన వేసవిలో ఆయనకి పక్షవాతం వచ్చింది. కాపలా మనిషి మానేశాడు. తమ్ముడు మరీ చిన్నవాడు. తల్లి మంచం దగ్గర. ఇంకెవరున్నారు? ఆ పిల్లే కర్ర పట్టుకుని గట్టెక్కింది."

చెప్తూ చెప్తూ 'ఆ పిల్ల' ఎప్పుడు 'నేను' అయిందో ఆమెకే తెలియలేదు.

"తెలతెలవారుతుంటే నీళ్ల వాసన చూడాలి. గాలి ఆడని రోజుల్లో నీళ్లు బరువెక్కుతాయి. ఒకరోజు వెళ్లేసరికి చెరువు చెరువంతా నోళ్లే. చేపలన్నీ పైకి తేలి, గాలందక నోళ్లు తెరిచి మూస్తున్నాయి. నాలుగెకరాల నోళ్లు! వేలకి వేలు. అంత చెరువులోనూ ఒక్క చప్పుడు లేదు. నీళ్లు చిమ్మే ఇంజను స్టార్టవ్వలేదు. నేను నడుం లోతు నీళ్లలోకి దిగి వెదురుకర్రతో నీళ్లు కొట్టడం మొదలెట్టాను. కొడితే నీళ్లలో గాలి కలుస్తుంది. ఒక మూల కొడితే ఆ మూల చేపలు లోపలికి పోయేవి. ఇంకో మూలకి పరిగెత్తేదాన్ని. పొద్దు బారెడెక్కేదాకా కొట్టాను. తర్వాత మెకానిక్ వచ్చాడు. ఆ ఏడు పంట దక్కింది."

"ఒక్కదానివేనా?" ప్రసన్న గొంతు గుసగుసలా ఉంది.

"పిట్టలుండేవిగా. గూడబాతులు వందలకి వందలు ఒక్కసారి లేచేవి. ఆకాశం తెల్లబడిపోయేది. అవి చెరువు మీద దిగితే మాకు నష్టమే, ఒడిసెల తిప్పి తరిమేదాన్ని. కానీ లేచేటప్పుడు చూడాలే ప్రసన్నా, చేతిలో రాయి ఉందన్న మాటే మర్చిపోయేదాన్ని."

కనకరత్నం గారు బుగ్గన చెయ్యి పెట్టుకున్నారు. "పెళ్లిచూపుల్లో కుట్లూ అల్లికలూ వచ్చన్నారు కదే మీవాళ్లు!"

"అమ్మ అలా చెప్పమందండీ అత్తయ్య గారూ. గట్ల మీద కర్ర పట్టుకు తిరిగిన పిల్లంటే ఎవరు చేసుకుంటారని."

"అదా సంగతి! పదిహేనేళ్లయినా నాకు ఒక్క చేతిసంచీ కుట్టిపెట్టలేదేంటా అనుకుంటున్నాను." ఆవిడ కోడలి చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకున్నారు. "చెప్పుంటే ఇంకా తొందరగా చేసుకునేదాన్ని. నా కొడుకు పిల్లిని చూసి జడుసుకుంటాడు."

అందరూ నవ్వారు. కృష్ణవేణికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆ నవ్వులోనే ఫణికిరణ్ ఆఖరి ప్రశ్న చదివేశాడు.

"ఈ మనిషికి తీరని కోరికేంటి?"

"హాస్టల్‌కెళ్లి చదువుకోవాలని," అంది కృష్ణవేణి, ఆలోచించకుండానే.

అన్నాక ఆ మాట ఆమె చెవికే చేరింది. నవ్వు ఆగిపోయింది.

ఏలూరు కాలేజీలో సీటొచ్చింది. నాన్న రేకుపెట్టె కొన్నాడు. పెట్టె మీద తెల్ల రంగుతో 'ఎస్. కృష్ణవేణి, ఇంటర్' అని రాయించాడు. రంగు ఆరకముందే మంచాన పడ్డాడు. ఆ పెట్టెలో తర్వాత చేపల మందు డబ్బాలు పెట్టుకున్నారు. ప్రతి ఉదయం మందు కోసం మూత తెరిచినప్పుడల్లా తన పేరు తలకిందులుగా కనిపించేది.

ఇదంతా ఆమె మెల్లిగా చెప్పింది. చెప్తుంటేనే అర్థమవుతోంది. నెల రోజులుగా పిల్లకి జ్వరం తగిలినా, ఏడ్చినా, అలిగినా ఒకటే మాట పట్టుకుని కూర్చుంది. పిల్లకి హాస్టల్ కావాలా వద్దా అని ఒక్కసారైనా అడగలేదు. అడగాలని తోచనే లేదు. హాస్టలంటే ఎవరికైనా స్వర్గమే కదా అనుకుంది.

ప్రసన్న పెన్సిల్ కింద పెట్టేసింది. కుర్చీ దిగి వచ్చి తల్లి మోకాళ్ల దగ్గర కూలబడింది.

"నేను వెళ్తానమ్మా. రేపే వెళ్తాను. నీకు ఏమీ తెలీదన్నాను, నాదే తప్పు. హాస్టల్‌కెళ్లి బాగా చదువుతా."

ఈ మాట కోసమే కృష్ణవేణి నెల రోజులు మొక్కని దేవుడు లేడు. ఇప్పుడొచ్చింది. వస్తే గుండెల్లో రాయి పడ్డట్టయింది.

"వద్దే."

"అమ్మా..."

"ఆ పెట్టె నాది. నేను మోయలేకపోయాను. అందుకని నీ నెత్తిన పెట్టెయ్యబోయాను. నా కోరిక నువ్వెందుకు తీర్చాలే?" ఆమె కూతురి జుట్టు సవరించింది. "లెక్కలు నాకు తెలీవన్నావు, అది నిజమే. కానీ మెట్ల మీద నిలబడి విన్నాను. ఇరవైలో ఆరు, డెబ్బైలో డెబ్బై అంటూ నీళ్లు తాగినంత తేలిగ్గా చెప్పేశావు. ఆ తెలివి పరీక్షలో ఏమైపోయిందే?"

ప్రసన్న తల్లి కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ చెప్పింది. "బోర్డు దగ్గరికి పిలుస్తారమ్మా. తప్పు చేస్తే అందరూ నవ్వుతారు. అది తల్చుకుంటే చేతులు చల్లబడిపోతాయి. ఇంక పేపరు చూసినా అంతే. ఇక్కడ తప్పు చేస్తే నవ్వరు. తర్వాతేం చేస్తావ్ అని అడుగుతారు."

"నాకెందుకు చెప్పలేదే?"

"నీకు భయమేస్తుందని."

ఆ మాట కృష్ణవేణికి తగలాల్సిన చోటే తగిలింది. తన భయం ఇంట్లో అందరికీ తెలుసు. పిల్ల దాని చాటుకి వెళ్లి తన భయం దాచుకుంది.

అప్పుడే మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ఉల్లిపాయల సంచి భుజాన పెట్టుకుని ఉదయ్‌కిరణ్ వచ్చాడు. ఏడుస్తున్న భార్యని, ఏడుస్తున్న కూతుర్ని, కళ్లొత్తుకుంటున్న తల్లిని మార్చి మార్చి చూసి హడలిపోయాడు.

"ఏమైంది? అందరూ ఇక్కడున్నారేంటి? కింద ముక్కల దగ్గర ఎవరూ లేరు, తలుపు బార్లా తీసుంది, పక్కింటి మేక..."

"నా ముక్కలు!" కనకరత్నం గారు మోకాళ్ల నొప్పులు మర్చిపోయి మెట్లు దిగారు. వెనకే దుర్గేష్ పరిగెత్తాడు.

భాగ్యశ్రీ బావగారికి జరిగింది క్లుప్తంగా చెప్పింది. అతను సంచి దించి, భార్య వంక కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. జేబులోంచి ఫోన్ తీశాడు.

"సాయంత్రం దాకా ఎందుకు, ఇప్పుడే చెప్పేస్తాను. ఏమని చెప్పమంటావ్?"

"ఇలా ఇవ్వండి. నేనే చెప్తాను."

బయటివాళ్లతో ఫోనంటే ఎప్పుడూ భర్తకి అందించేసే మనిషి. అవతల ఆయన చాలాసేపు మాట్లాడాడు. మంచి సీటు పోతుందన్నాడు, పిల్ల వెనకబడిపోతుందన్నాడు. కృష్ణవేణి అంతా విని, "లేదండీ. పిల్ల ఇక్కడే చదువుతుంది. మీకు శ్రమిచ్చాను, ఏమీ అనుకోకండి," అని పెట్టేసింది.

"బాగా ఆలోచించుకునే చెప్పావా?" అన్నాడు ఉదయ్‌కిరణ్ మెల్లిగా.

"భయంగానే ఉందండీ. రేపు మార్కులు రాకపోతే నన్నే అంటారందరూ. అననివ్వండి. అది తనంతట తను అడిగిన రోజున నేనే పెట్టె సర్ది పంపిస్తాను." ఆమె కూతురి వైపు తిరిగింది. "ఆదివారం ఆట ఆడుకో. మిగతా ఆరు రోజులు సాయంత్రం గంటసేపు లెక్కలు నాకు చెప్పాలి."

"నీకా?"

"నాకే. పుస్తకజ్ఞానం ఎనిమిది ఉన్న దాన్ని. నాకర్థమయ్యేలా చెప్పగలిగితే నీకు వచ్చినట్టే. తప్పు చెప్పినా నవ్వే అర్హత నాకు లేదు."

ఆ మధ్యాహ్నం మేక తిన్నవి పోగా మిగిలిన ముక్కలతో ఆవకాయ కలిపారు. అత్తగారు జాడీకి గుడ్డ కడుతుంటే, తల్లీ కూతుళ్లు వరండాలో చాప పరుచుకున్నారు. ప్రసన్న కొత్త పదో తరగతి లెక్కల పుస్తకంలో వెనక వైపు ఉన్న పాఠమొకటి తీసింది. నోటు పుస్తకంలో తాడిచెట్టు గీసింది. కాస్త దూరంలో ఒక మనిషిని నిలబెట్టింది. మనిషి కంటి దగ్గర్నుంచి చెట్టు మొవ్వు దాకా ఏటవాలుగా ఒక గీత గీసింది.

"ఇక్కడ నిలబడి పైకి చూస్తున్నావనుకో అమ్మా. ఈ కోణం నలభై అయిదు డిగ్రీలైతే, చెట్టుకి ఎంత దూరంలో నిలబడ్డావో, కంటి మట్టం నుంచి చెట్టు కూడా అంతే ఎత్తుంటుంది."

"చెట్టెక్కకుండానే తెలిసిపోతుందా?"

"ఎక్కకుండానే. తాడు కూడా అక్కర్లేదు. అడుగులు లెక్కపెట్టుకుంటే చాలు."

కృష్ణవేణి ఆ చిన్న కోణం వంక చూస్తూ ఉండిపోయింది. గట్ల వెంబడి ఎన్ని తాడిచెట్లు, ఎన్నేళ్లు! మెడ నొప్పెట్టేదాకా తలెత్తి చూసేది, ఎంత ఎత్తుంటాయో ఆ దేవుడికే తెలియాలనుకునేది. అక్కడే, కాళ్ల కిందే, జవాబు ఇన్నాళ్లూ నేల మీద పరుచుకుని ఉందా? ఈ సంగతి తన కడుపున పుట్టిన ఇంత పిల్లకి తెలుసా?

కళ్లు చెమర్చాయి. తుడుచుకోలేదు. పెన్సిల్ చేతిలోకి తీసుకుంది.

"మళ్లీ మొదట్నించి చెప్పవే," అంది. "మెల్లిగా."